ఒక్కడే కథకుడు.. కాలి కింద వంతగాళ్లు!

బుర్రకథ చెప్పాలంటే ముగ్గురుండాలి. నడుమ తంబుర భుజానికెత్తిన కథకుడు, అటూ ఇటూ డక్కీలు పట్టిన వంతలు. ఆ ఇద్దరూ వంత అందుకోకపోతే కథ అడుగు ముందుకు పడదు. మరి ఆ వేళకు వంతలు రానేలేదనుకోండి. కథకుడే ఒకసారి వంత పాడి, కాలితో ఒక మీట నొక్కితే, ఆ వంత దానంతటదే మళ్లీ మళ్లీ వినిపిస్తూ ఉంటే..? తర్వాత తనే డక్కీ అందుకుని నాలుగు దరువులు వేసి మళ్లీ మీట నొక్కితే, ఆ దరువూ వచ్చి వంతకు జత కలిస్తే..? ఆ రెంటి మీద తీరిగ్గా కథ ఎత్తుకుంటే..?

ఇది కట్టుకథ కాదు. 2025 ఫిబ్రవరి 2న హైదరాబాద్ శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీలో ఇంగ్లండు గాయకుడు ఎడ్ షీరన్ వేలాది జనం ఎదుట చేసింది ఈ పనే. చేతిలో ఒక గిటారు, ముందు ఒక మైకు, కాళ్ల దగ్గర ఒక పెట్టె. వినిపించింది మాత్రం నిండు మేళం. అదే పర్యటనలో ఫిబ్రవరి 9న బెంగళూరులో గాయని శిల్పారావుతో గొంతు కలిపి 'దేవర' సినిమాలోని 'చుట్టమల్లే' పాట తెలుగులోనే పాడి, మన కుర్రకారుచేత ఈలలు వేయించిందీ ఇతడే.

ఆ కాళ్ల దగ్గరి పెట్టె పేరు 'లూపు పెడల్'. లూపు అంటే చుట్టు. గానుగెద్దు తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చినట్టు, ఈ పెట్టెలో పడిన పాట ముక్క కూడా చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొస్తుంది. ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది.

రికార్డు పెట్టాడంటారా?

ఒక్క మనిషి నుంచి పది వాద్యాలు వినిపిస్తే చూసేవాడికి మొదట కలిగేది అనుమానమే. 'లోపల ఎక్కడో రికార్డు పెట్టి, పైకి పెదవులు కదుపుతున్నాడు' అని. మన ఊళ్లలో జాతరలకు వచ్చే డ్యాన్సు ట్రూపులను చూసిన కళ్లకు అలా తోచడంలో వింత లేదు. చదువుకున్న దొరల దేశంలోనూ ఇదే అనుమానం వచ్చింది. 2017 జూన్‌లో ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో షీరన్ ఒంటరిగా పాడితే, టీవీలో చూసినవారిలో కొందరు 'ఇది ముందే చేసి తెచ్చిన రికార్డు' అని ఎద్దేవా చేశారు. తాను వినిపించేదంతా అక్కడికక్కడే పుట్టేదనీ, అది లూపు యంత్రమే తప్ప రికార్డు కాదనీ పాపం ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికి రెండేళ్ల కిందట, 2015 జూలైలో, లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో వరుసగా 3 రాత్రులు పక్కవాద్యగాడన్నవాడు లేకుండా ఒక్కడే పాడి మెప్పించినా ఈ నింద తప్పలేదు.

తేడా ఎక్కడుందో తెలిస్తే అనుమానం దానంతటదే పోతుంది. డీజే పెట్టె వాయించేది ఎప్పుడో, ఎక్కడో, ఎవరో పాడిన పాటను. లూపు పెట్టెలో మాత్రం కచేరీ మొదలయ్యేటప్పుడు ఏమీ ఉండదు. వట్టి డబ్బా. అందులో పడే ప్రతి దెబ్బా, ప్రతి కూనిరాగమూ జనం చూస్తుండగా ఆ మనిషి చేతి నుంచీ గొంతు నుంచీ రావాల్సిందే. పాట అయిపోగానే చెరిపేస్తాడు. మరో పాటకు మళ్లీ ఖాళీ డబ్బాతోనే మొదలు. (ముందే చేసిన ముక్కలు దాచి తెచ్చేవాళ్లు లేరని కాదు. వాళ్ల సంగతి వేరు. ఇక్కడ మెచ్చుకుంటున్నది వాళ్లను కాదు.)

మీట దగ్గరే ఉంది కిటుకు

పని తీరు వినడానికి తేలికే. మొదటిసారి కాలితో మీట నొక్కితే యంత్రం వినడం మొదలుపెడుతుంది. గాయకుడు గిటారు చెక్క మీద అరచేత్తో దరువేస్తాడు. రెండోసారి నొక్కగానే వినడం ఆపి, అదే క్షణాన ఆ దరువును మొదటి నుంచి వినిపిస్తుంది. మూడోసారి నొక్కితే పాతది వినిపిస్తూనే కొత్తదాన్నీ దాని మీద ఎక్కించుకుంటుంది. దరువు మీద తీగల మోత, దాని మీద ఒక ఆలాపన, ఆ ఆలాపనకు పై స్థాయిలో ఇంకో గొంతు.. నులక పేనినట్టు పోగు మీద పోగు పడుతుంది.

అసలు కష్టం ఆ రెండోసారి నొక్కడంలో ఉంది. మన సంగీతంలో ఆదితాళం ఒక ఆవర్తం అంటే 8 క్రియలు. ఎనిమిదోది ముగిసి, మళ్లీ మొదటి దెబ్బ పడాల్సిన చోటనే కాలు దిగాలి. రెప్పపాటు ముందు దిగితే ఆవర్తం తెగుతుంది. రెప్పపాటు ఆలస్యమైతే కుంటుతుంది. మామూలు కచేరీలో అయితే మృదంగం తప్పినా మరుక్షణం సర్దుకోవచ్చు, వినేవారు మరిచిపోతారు. ఇక్కడ ఆ కుంటితనం ప్రతి చుట్టులోనూ మళ్లీ ఎదురవుతుంది. అపస్వరం పడితే అదీ అంతే. మైకు దగ్గర ఎవరైనా దగ్గితే ఆ దగ్గు కూడా పాటలో భాగమై, చుట్టుకొకసారి చక్కగా తాళంలో దగ్గుతుంది! కొత్త యంత్రాల్లో చివర ఎక్కించిన పోగును తీసేసే మీట ఉంది గానీ, జనం ఎదుట ఆ పని చేయడమంటే తప్పును చాటింపు వేసుకోవడమే.

అందుకే ఈ విద్వాంసులు చేతులతో వాయిస్తూ, నోటితో పాడుతూ, కాలితో తాళాన్ని కోసే పని కూడా నేర్వాలి. మగ్గం మీద నేతగాడికి చేతిలో నాడె, కాలి కింద పావుకోళ్లు రెండూ ఒక లయలో నడవాలి కదా, అలాగన్నమాట. ఒకటి తప్పితే గుడ్డంతా పాడవుతుంది.

రెండు టేపు రికార్డర్లు.. ఒకే టేపు

పెట్టె కొత్తదే గానీ ఊహ పాతది. అమెరికా గిటారు విద్వాంసుడు లెస్ పాల్ (1915-2009) దీనికి ఆద్యుల్లో ఒకడు. ఈయనకు చిన్నప్పటి నుంచీ యంత్రాలు విప్పి చూసే పిచ్చి. 1948లో ఒక పాటకు 8 గిటార్లూ తానే వాయించాడు. ఒకటి వాయించి పళ్లెం రికార్డులోకి ఎక్కించడం, దాన్ని వినిపిస్తూ రెండోది వాయించి ఆ రెంటినీ కలిపి ఇంకో పళ్లెంలోకి ఎక్కించడం. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటికే. మరుసటేడు గాయకుడు బింగ్ క్రాస్బీ ఆయనకొక టేపు రికార్డరు బహుమతిగా ఇచ్చాడు. దానికి పాల్ ఇంకో హెడ్డు బిగించి, పాత ధ్వని మీదే కొత్త ధ్వని ఎక్కించే ఉపాయం కనిపెట్టాడు. భార్య మేరీ ఫోర్డ్ పాడగా, ఇద్దరూ కలిసి ఇలా ఎక్కించిన పాటలు 1950ల తొలినాళ్లలో ఆ దేశమంతా మార్మోగాయి. తర్వాత గిటారుకే చిన్న మీటల పెట్టె బిగించి, వేదిక మీద నిలబడే టేపు యంత్రాన్ని నడిపించేవాడు.

టేపును చుట్టులా తిప్పి కచేరీ చేసిన ఘనత మాత్రం కాలిఫోర్నియా వాడైన టెరీ రైలీది. 1963లో పారిస్‌లో ఒక నాటకానికి సంగీతం కడుతూ, ట్రంపెట్ విద్వాంసుడు చెట్ బేకర్ వాయించింది వాయించినట్టే మళ్లీ మళ్లీ వెనక్కి రావాలని అక్కడి సాంకేతికుణ్ని అడిగాడు. అతడు రెండు టేపు రికార్డర్లను పక్కపక్కన పెట్టి, ఒకే టేపును రెండింటి గుండా నడిపాడు. మొదటిది రికార్డు చేస్తుంది. టేపు పాక్కుంటూ రెండోదాని దగ్గరికి వెళ్తుంది. అది వినిపిస్తుంది. ఆ వినిపించిందాన్ని వైరు ద్వారా మళ్లీ మొదటిదానికే పంపితే, కొత్త వాయింపుతో కలిసి మళ్లీ రికార్డవుతుంది. క్యాసెట్ల కాలం ఎరిగినవారికి లెక్క చప్పున తెలుస్తుంది. టేపు సెకనుకు 7.5 అంగుళాలు నడుస్తుందనుకుందాం. రెండు యంత్రాల హెడ్ల నడుమ టేపు దారి 3 అడుగులుంటే, వాయించింది 4.8 సెకన్లకు తిరిగొస్తుంది. ఎక్కువ సేపటికి రావాలంటే యంత్రాలను ఎడంగా జరపాలి. అంతే విద్య!

1960ల చివర్లో రైలీ ఈ సరంజామాతో రాత్రంతా కచేరీలు చేసేవాడు. వీధి భాగవతానికీ తోలుబొమ్మలాటకూ మన పెద్దలు చాపలు తీసుకెళ్లినట్టు, అక్కడి జనం పడకలు తెచ్చుకుని వినేవారు. తన చుట్టూ తిరిగే ఆ ప్రతిధ్వనులకు ఆయన పెట్టుకున్న పేరు 'ఫాంటమ్ బ్యాండ్'. అంటే కంటికి కనిపించని మేళం.

ఇక్కడొక ముచ్చట చెప్పుకోవాలి. ఇంత యంత్రవిద్య తెలిసిన రైలీ 1970లో మన హిందుస్తానీ గాయకుడు, కిరానా ఘరానాకు చెందిన పండిత్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడయ్యాడు. ఎన్నోసార్లు ఇండియాకు వచ్చాడు. 1996లో గురువు కన్నుమూసేదాకా ఆయన వెనుక కూర్చుని తంబుర మీటాడు, తబలా వాయించాడు, వంత పాడాడు. కనిపించని మేళాన్ని పుట్టించినవాడు గురువు వెనుక కనిపించే వంతగాడిగా పాతికేళ్లు గడిపాడన్నమాట.

టేపు పద్ధతినే 1972లో ఇంగ్లండులో బ్రయాన్ ఈనో, గిటారు విద్వాంసుడు రాబర్ట్ ఫ్రిప్ అందుకున్నారు. 1979లో ఫ్రిప్ గిటారుతో, రెండు టేపు యంత్రాలతో ఒంటరిగా ఊళ్లు తిరిగాడు. పెద్ద హాళ్లు వద్దని రికార్డుల దుకాణాల్లో, ఫలహారశాలల్లో వాయించాడు. మోయలేని ఆ యంత్రాల పని, ధ్వనిని అంకెలుగా మార్చి దాచుకునే చిప్పులు వచ్చాక అరచేతి పెట్టెలో ఇమిడింది. 2001లో జపాను కంపెనీ బాస్ తెచ్చిన 'లూప్ స్టేషన్' పెట్టెతో ఇది వీధి గాయకుల దాకా చేరింది.

2004లో స్కాట్లండు గాయని కె.టి. టన్‌స్టాల్ విషయంలో జరిగింది ఆ తర్వాతివారికి దారి చూపింది. బీబీసీ టీవీలో ఒక పేరుమోసిన సంగీత కార్యక్రమానికి రావాల్సిన అమెరికా ర్యాపర్ రాలేకపోయాడు. ఒక్క రోజు వ్యవధిలో ఈమెకు కబురొచ్చింది. మేళం లేదు. గిటారు, పెడల్ పట్టుకుని వెళ్లి, గిటారు మీద చరిచి, నోటితో కూత వేసి, తన గొంతుకు తనే వంతలు పేర్చి పాడింది. అప్పటిదాకా పెద్దగా ఎవరికీ తెలియని ఆ పేరు తెల్లారేసరికి నలుగురి నోళ్లలో నానింది.

మన గడ్డ మీద కరెంటు శ్రుతి

పాశ్చాత్యుల మాట అలా ఉంచితే, వేదిక మీద కరెంటు పెట్టెను మనవాళ్లు ఏనాడో కూర్చోబెట్టారు. అదే శ్రుతిపెట్టె. బెంగళూరుకు చెందిన ఇంజినీరు, వేణువు విద్వాంసుడు జి. రాజ్ నారాయణ్ 1979లో రాడెల్ సంస్థ పెట్టి ఎలక్ట్రానిక్ తంబురను తెచ్చారు. నిలువెత్తు తంబురను బస్సు మీద ఎక్కించి, ఎక్కడ బుర్ర పగులుతుందోనని దారి పొడవునా బితుకుబితుకుమనే బాధ తప్పింది. ఎండకూ తేమకూ తీగలు సడలే బెడదా తప్పింది. ఇవాళ హరికథ భాగవతార్లు మొదలు భజన మందిరాల దాకా శ్రుతిపెట్టె లేని చోటు అరుదు. నిజానికి అదీ ఒక లూపే. పంచమం, పై షడ్జం, మళ్లీ షడ్జం, కింది షడ్జం.. ఆ నాలుగు మీటులే అలుపు లేకుండా తిరుగుతుంటాయి.

కరెంటు వాద్యాన్ని చూసి ముఖం చిట్లించిన కాలం కూడా ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నప్పుడు, ఆ పరాయి వాద్యం మీద, అందులోనూ కరెంటు వాద్యం మీద, మన గమకాలు పలుకుతాయా అని పెదవి విరిచినవారున్నారు. వాద్యాన్ని 5 తీగలకు మార్చుకుని, 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవంలో తొలి కచేరీ చేసిన ఆ పసివాడే 'మాండలిన్ శ్రీనివాస్'గా దేశదేశాలూ తిరిగాడు. 1998లో పద్మశ్రీ అందుకున్నాడు. ఎలక్ట్రానిక్ ధ్వనులతో గిటారుకు కొత్త గొంతులిచ్చిన కెనడా విద్వాంసుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి 1995లో 'డ్రీమ్' అనే ఆల్బం చేశాడు. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఈ పెట్టెల సంగీతాన్ని తేలిగ్గా తీసిపారేసే ముందు గోదావరి జిల్లాల వారైనా ఆయన్ని ఒకసారి తలుచుకోవాలి.

ఒత్తు పట్టేవాడేడీ?

అయితే పెట్టె వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరు లేచి వెళ్లిపోయారన్నది కాదనలేని నిజం. సన్నాయి మేళంలో ఒకప్పుడు ఒత్తు పట్టేవాడు ఉండేవాడు. రాగం లేదు, పాట లేదు. బుగ్గలు పూరించి ఊపిరి తెగకుండా ఒకే స్వరం ఊదడమే అతని పని. పెళ్లిలో అతని ముఖం ఎవరూ చూడరు. కానీ మేళం కట్టినప్పుడు అతనికీ ఒక వాటా ఉండేది. భోజనాల పంక్తిలో ఒక విస్తరి ఉండేది. శ్రుతిపెట్టె వచ్చాక చాలా మేళాల్లో ఆ వాటా పోయింది. వాటాతోపాటు ఇంకొకటీ పోయింది. తంబుర మీటుతూ, ఒత్తు పడుతూ గురువు వెనుక కూర్చునే కుర్రాడు ఏళ్ల తరబడి వినీ వినీ విద్యను పట్టేవాడు. అది ఫీజు లేని బడి. ఆ చోట ఇప్పుడు పెట్టె కూర్చుంది. అది ఎన్నేళ్లు విన్నా విద్వాంసుడు కాదు.

లూపు పెడల్ విషయంలో లెక్క కొంచెం తేడా. దాన్ని పట్టినవారిలో చాలామంది, మేళం ఉండగా తరిమేసినవారు కాదు, మేళాన్ని పెట్టుకునే స్తోమత లేనివారు. షీరన్ తొలినాళ్లలో లండన్‌లో తలదాచుకునే చోటు లేక తెలిసినవారి ఇళ్లలో పడుకుంటూ, దొరికిన చోటల్లా పాడినవాడు. ఆస్ట్రేలియాలో టాష్ సుల్తానా మెల్‌బోర్న్ వీధుల్లో వాయించి పొట్టపోసుకుంటూ, 2016లో తన గదిలో ఒంటరిగా లూపులు కట్టి పాడిన వీడియోతో ప్రపంచానికి తెలిశారు. నలుగురికి బస్సు చార్జీలు, బసలు, భోజనాలు పెట్టలేని పేద గాయకుడికి ఇదొక ఆసరా. పెద్ద పేరు, పెద్ద డబ్బు వచ్చాక కూడా పక్కవారికి చోటివ్వకుండా పెట్టెనే అంటిపెట్టుకుంటే మాత్రం ఆ మాట అడగాల్సిందే. షీరన్ కూడా 2022లో మొదలైన పర్యటనలో కొన్ని పాటలకు మేళాన్ని పెట్టుకున్నాడు.

పైగా ఈ యంత్రానికి పాడటమే తెలుసు, వినడం తెలియదు. బుర్రకథలో యుద్ధఘట్టం వచ్చేసరికి కథకుడి అడుగు జోరందుకుంటుంది. వంతలు అతని కళ్లలోకి చూసి డక్కీ వేగం పెంచుతారు. కథకుడు గొంతు తగ్గించి కన్నీరు పెడితే వాళ్లూ తగ్గుతారు. హాస్యపు వంత నడుమ అడ్డు తగిలి ఒక చమత్కారం విసురుతాడు. పాట కచేరీలో గాయకుడు స్వరం విసిరితే మృదంగం జవాబు చెబుతుంది. లూపు పెట్టె ఇవేమీ చేయదు. ఏ వేగంలో పెడితే ఆ వేగమే, ఏ శ్రుతిలో పెడితే ఆ శ్రుతే, మనిషి మళ్లీ మీట నొక్కేదాకా. అందువల్లే ఈ విద్వాంసులు పాటను దాని కొలతకు సరిపడేలా కట్టుకుంటారు. రెండు మూడు స్వర గుచ్ఛాలే తిరిగి తిరిగి వచ్చే పాటలు దీనికి బాగా అతుకుతాయి. మన భజనలూ కోలాటం పాటలూ కూడా అతకవచ్చు. నిమిషానికో మలుపు తిరిగే పద్యనాటకం అతకదు.

వినే తీరు వేరు

ఇలాంటి కచేరీకి సగంలో వెళ్లినవాడు నష్టపోతాడు. అతనికి వినిపించేది నిండు మేళం, కనిపించేది ఒక్క మనిషి. అనుమానమే మిగులుతుంది. మొదటి దరువు పడే వేళకు అక్కడుంటే, గోడ ఇటుక ఇటుకగా లేవడం కళ్లారా చూడవచ్చు. చేతుల కన్నా కాళ్ల మీద చూపు ఉంచాలి. కొత్త పోగు పడినప్పుడల్లా అంతకుముందు ఉన్నవాటిలో అది ఎక్కడ ఇమిడిందో చెవితో వెతకాలి. పనితనం తెలిసినవాడు మొదటి దరువులోనే తర్వాత వచ్చే గొంతుకు చోటు వదిలిపెడతాడు. తెలియనివాడు అన్నీ కుక్కి సంతరోజు బస్సు చేస్తాడు. ఎన్ని పోగులు ఎక్కించాడన్నది కాదు, ఎక్కడ ఆపాడన్నది చూడాలి. చివరగా, మంచి జోరులో ఉండగా అన్నింటినీ ఒక్క మీటతో ఆపేసి ఒట్టి గొంతుతో ఒక చరణం పాడతారు చూడండి, ఆ గొంతు నిలిస్తే అతడు గాయకుడు. నిలవకపోతే ఇప్పటిదాకా పాడింది పెట్టె.

ఈ పెడళ్లలో చిన్న రకాలు వేల రూపాయల్లోనే దొరుకుతున్నాయి. కొన్ని బ్యాటరీ మీద కూడా నడుస్తాయి కాబట్టి కరెంటు కోత బెంగ లేదు. స్మార్ట్‌ఫోనులోనే ఈ పని చేసే యాప్‌లూ ఉన్నాయి. ఫోను చాప మీద పెట్టి, ఆదితాళంలో ఒక ఆవర్తం చప్పట్లు కొట్టి, సరిగ్గా సమం దగ్గర వేలు నొక్కి చూడవచ్చు. తొలి చుట్టు కుంటకుండా తిరగడానికే చాలామందికి ఒక పూట పడుతుంది.